తప్పిన అధ్యాయాలు బాకీ కావు

నీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం విశాఖలో, రోజూ రైలు ప్రయాణం. డిసెంబరు 31 రాత్రి ఆరాధన నుంచి వచ్చి, ఈ ఏడాదైనా బైబిలు మొత్తం చదవాలని జనవరి 1న ఆదికాండం తెరుస్తావు. ఫిబ్రవరిలో ఆగిపోతావు. నాలుగేళ్లుగా ఇదే వరస. లోపం భక్తిలోనా, క్రమశిక్షణలోనా అని అడిగావు. అమ్మకు చదువు రాదనీ, తనకు కాస్త చదివి వినిపించమంటే తీరిక దొరకడం లేదనీ చివర్లో ఒక ముక్క రాశావు.

బాబూ, నా పిల్లల వయసువాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. శ్రీకాకుళంలో ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. సండే స్కూలు అంతకంటే ఎక్కువ కాలమే చెప్పాను. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లలో పాస్టరు గార్లు కూడా ఉన్నారు.

నువ్వు ఎక్కడ ఆగిపోయావో నువ్వు రాయలేదు కానీ నేను చెప్పగలను. మన బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుందని గోడ మీది పట్టికలు చెబుతాయి. మొదటి రెండు వారాలు పరుగే. సంక్రాంతికి అందరూ ఇంటికి చేరే రోజుల్లో నువ్వు యోసేపు కథలో ఉంటావు. ఇక్కడ గాదెల్లోకి కొత్త ధాన్యం వస్తుంటే అక్కడ కరువుకు తాళలేక అన్నదమ్ములు ధాన్యం కోసం ఐగుప్తుకు బయలుదేరుతుంటారు. పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. నిర్గమకాండంలో తెగుళ్లు, సముద్రం పాయలవడం కూడా బాగానే సాగుతాయి. రోజుకు మూడు చొప్పున లెక్క వేస్తే జనవరి 25వ తేదీకి సరిగ్గా నిర్గమకాండం 25వ అధ్యాయం వస్తుంది. అక్కడి నుంచి ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం కొలతలు, పలకలు, దిమ్మలు, తెరలు, కొలుకులు. ఫిబ్రవరి 4న లేవీయకాండం 13: చర్మం మీద పొడ, దాన్ని యాజకుడు ఏడు రోజులకొకసారి పరీక్షించే విధానం. పొద్దున్నే టిఫిను తినకముందు రైల్లో చదివే అధ్యాయం కాదది. నువ్వు ఆగింది ఇక్కడే, ఒక వారం అటూ ఇటూగా. చాలామంది ఇక్కడే ఆగుతారు. ఇందులో నీ భక్తి సంగతి ఏమీ లేదు, పట్టిక నిన్ను అక్కడికి తీసుకెళ్లి వదిలేసింది.

అయితే లేవీయకాండం దగ్గర తడబడడం పెద్ద విషయం కాదు. తడబడ్డ తర్వాత నువ్వు చేసే పనే అలవాటును చంపేస్తుంది. ఒక రోజు తప్పుతుంది. మర్నాడు మూడు అధ్యాయాలకు బదులు ఆరు చదవాలనుకుంటావు. కుదరదు. ఆ మర్నాటికి తొమ్మిది. వారం తిరిగేసరికి ఇరవై దాటుతాయి. డ్వాక్రా వాయిదా తప్పిన మనిషి ఆ వీధిలోకి రావడం మానేసినట్టు నువ్వు ఆ పుస్తకం ఉన్న గదివైపు చూడడం మానేస్తావు. అప్పు ఇచ్చినవాడెవడూ లేడు, వడ్డీ మాత్రం పెరుగుతూ ఉంటుంది.

నాకిది 2018లో బాగా తెలిసింది. ఆ ఏడాది ఒక్క రోజు కూడా తప్పకుండా చదివాను. కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడం దేనికి. అక్టోబరు 10న మలాకీ ముగించి పాత నిబంధన పూర్తయిందని పెన్సిలుతో టిక్కు పెట్టాను. మర్నాడు మత్తయి మొదలు పెట్టాలి. ఆ తెల్లవారుజామునే తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. మా చెల్లెలి ఇల్లు ఉద్దానంలో. కొబ్బరి, జీడి చెట్లు పడిపోయిన ఊళ్లో, కరెంటు లేని ఇంట్లో నీళ్లు మోస్తూ, వంట చేస్తూ రోజులు గడిచాయి. తిరిగి వచ్చాక కూడా నా మనసు అక్కడే ఉండిపోయింది. మళ్లీ బైబిలు తెరిచేసరికి నవంబరు 24, శనివారం. పట్టిక పక్కన పెన్సిలుతో లెక్క వేశాను: 147 అధ్యాయాలు బాకీ. పట్టుదలతో కూర్చుని ఆ ఒక్క రోజే మత్తయి 28 అధ్యాయాలూ చదివేశాను. రాత్రి భోజనాల దగ్గర మావారు "కొండమీది ప్రసంగంలో ఈసారి నీకేం కనబడింది?" అని మామూలుగానే అడిగారు. ఏమీ కనబడలేదు. ఆ మూడు అధ్యాయాలు ఎప్పుడు దాటానో కూడా గుర్తులేదు.

ఆ రాత్రే 147ను కొట్టేశాను. మర్నాడు తేదీలు లేని ఒక కాగితం మీద పుస్తకాల పేర్లు మాత్రం రాసుకుని మత్తయి 1 నుంచి మళ్లీ మొదలు పెట్టాను. ఏడాదిలో పూర్తవలేదు. కొత్త నిబంధన ముగిసేసరికి మరుసటి మార్చి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి ఎవరికి తెలుసు కనుక.

కాబట్టి నేను చెప్పేవాటిలో ఒక్కటే పాటించేట్టయితే ఇది పాటించు: తప్పిన రోజును తప్పినట్టే వదిలెయ్యి. ఎక్కడ ఆపావో అక్కడి నుంచే, ఆ రోజుకు ఎంత అనుకున్నావో అంతే. తేదీలున్న పట్టిక గోడ మీద ఉంటే తీసెయ్యి.

ఏడాది పట్టికలు నిన్న మొన్న పుట్టినవేమీ కావు. స్కాట్లండ్‌లోని డండీలో రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ అనే యువ పాస్టరు 1842లో తన సంఘం కోసం ఒకటి తయారుచేశాడు. రోజుకు దాదాపు నాలుగు అధ్యాయాలు, దాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. మన వాళ్లు మరచిపోయే సంగతేమిటంటే, ఆ పట్టికతోపాటే దానివల్ల వచ్చే ప్రమాదాలు కూడా ఆయనే రాశాడు: చదువు తంతుగా మారిపోవచ్చు, చదివానన్న గొప్ప పుట్టవచ్చు, అజాగ్రత్తగా చదవవచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. పట్టిక చేసినవాడికే ఆ ఎరుక ఉంది. ఫొటోకాపీ తీసి పంచే మనకు లేదు.

ఇక అలవాటు సంగతి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. కొత్త పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందట. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా. (66 పుస్తకాలు, 66 రోజులు అని ఎవరైనా ప్రసంగంలో వాడేస్తారేమో, అది కాకతాళీయం.) నాకు అందులో నచ్చిన మాట వేరే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదట. ఆ 96 మందీ భోజనంతో పండు తినడం, మంచినీళ్లు తాగడం, కాస్త పరుగెత్తడం లాంటి చిన్న పనులను, రోజూ ఎలాగూ జరిగే ఒక సందర్భానికి కట్టి చేశారు. "పొద్దున్న వీలైనప్పుడు" అనేది సందర్భం కాదు. "పళ్లు తోముకున్నాక" అనేది సందర్భం.

నా సందర్భం పాలగిన్నె. పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి గట్టు మీద కారం డబ్బా పక్కన ఉండే బైబిలు తెరుస్తాను. పాలు కాగేవరకే చదువు. ఇరవై ఏళ్లుగా అంతే. లేవీయకాండం చదివిన రోజుల్లో పాలు ఒక్కసారి కూడా పొంగలేదు. ఎస్తేరు చదివిన వారంలో మూడుసార్లు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ పుస్తకం అంచులకు ఇప్పటికీ పసుపు మరకలున్నాయి. పరిశుద్ధ గ్రంథాన్ని వంటింట్లో పెడతావా అని మా అత్తగారు మొదట్లో కోప్పడేవారు. ఆవిడ బైబిలు జిప్పు కవరులో, బీరువా పై అరలో, చీరల మధ్య భద్రంగా ఉండేది. ఎంత భద్రంగా ఉందో, తెరవడం అంత అరుదు.

నీకు పాలగిన్నె అక్కర్లేదు, రైలుంది. అంతకంటే మంచి సందర్భం ఎవరికి దొరుకుతుంది? విజయనగరంలో ఎక్కి కూర్చున్న తర్వాత మొదటి పది నిమిషాలు నీ ఇష్టం. వాట్సాప్ చూసుకో, పక్కవాళ్లతో మాట్లాడు. కోరుకొండ స్టేషను దాటగానే బైబిలు తెరువు. కంటకాపల్లి వచ్చేసరికి మూసెయ్. ఇంకా చదవాలనిపించినా మొదటి రెండు నెలలు మూసెయ్యమనే చెబుతాను. ఆకలి ఉండగా లేచిన విస్తరి దగ్గరికే మర్నాడు మనిషి ఇష్టంగా వస్తాడు. ఆదివారాలకూ సెలవులకూ రైలుండదు కాబట్టి ఇంకో చోటు ముందే అనుకో. లేకపోతే ప్రతి సోమవారం కొత్తగా మొదలు పెట్టాల్సి వస్తుంది.

రైల్లో ఫోను ఫరవాలేదు, నిలబడి వెళ్లేవాడికి అదే సుఖం. అయితే ఫ్లైటు మోడ్‌లో పెట్టు. తెలుగు బైబిలు ముందే దించుకుంటే నెట్టు లేకుండానే తెరుచుకుంటుంది. మరీ రద్దీగా ఉంటే ఇయర్‌ఫోను పెట్టుకుని ఆడియో బైబిలు విను. అది చదవడం కిందికి రాదనే పెద్దలుంటారు, వాళ్ల మాట పట్టించుకోకు. అచ్చుయంత్రం రాకముందు విశ్వాసుల్లో ఎక్కువమంది విన్నవాళ్లే. కానీ గ్రూపుల్లో పొద్దున్నే పూలబొమ్మ మీద వచ్చే ఒక్క వచనాన్ని మాత్రం ఆ రోజు చదువు కింద జమ వేసుకోకు.

ఆ వచనాల గురించి ఒక మాట. కొత్త ఏడాది ఆరాధనలో వాగ్దానపు కార్డు తీస్తాం కదా, చాలామందికి యిర్మీయా 29:11 వస్తుంది. దేవుడు మీ గురించి తలపెట్టినవి మేలే గాని కీడు కాదని. ఆటోల వెనక, క్యాలెండర్ల మీద అదే. దాని పైన ఉన్న పదో వచనం ఎప్పుడైనా చూశావా? బబులోనులో 70 ఏళ్లు గడిచాక మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తానంటుంది. ఐదో వచనం అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటుంది. బబులోను చెరలో ఉన్న యూదులకు రాసిన ఉత్తరం అది. ఆ ఉత్తరం అందుకున్న చాలామంది ఆ తిరుగు ప్రయాణం చూసే వయసువాళ్లు కాదు. ఇది తెలిశాక ఆ వాగ్దానం తగ్గిపోలేదు, నాకైతే బరువు పెరిగింది. రోజూ వరుసగా చదివేవాడికి ఇలాంటివి వాటంతటవే దొరుకుతాయి.

ఏది చదవాలి అంటే, మార్కుతో మొదలు పెట్టు. 16 అధ్యాయాలు, నాలుగు సువార్తల్లో చిన్నది. "వెంటనే" అన్న మాట పేజీ పేజీకీ తగులుతుంది, కథ ఎక్కడా నిలబడదు, రైలుకు సరిపోతుంది. రోజుకు ఒక అధ్యాయం కూడా వద్దు, ఒక సంఘటన చాలు. అధ్యాయాల హద్దులు పదమూడో శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ పెట్టినవి. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి చాలా సౌకర్యమే, కానీ అవి రాసినవాళ్ల గీతలు కావు. ఆదికాండంలో ఏడో దినపు విశ్రాంతి రెండో అధ్యాయంలో పడింది చూడు, అది మొదటి అధ్యాయం ముగింపు. కాబట్టి కథ ఆగిన చోట ఆగు.

ఒక్క సువార్తే చదివితే తక్కువేమో అనే బెంగ పెట్టుకోకు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ ఏడాది మన ప్రాంతంలో తెలుగు చదవగలిగిన విశ్వాసి చేతికి వచ్చిన అచ్చు బైబిలు ఆ మూడే. ఏడాదిలో 66 పుస్తకాలు ముగించాలన్న దిగులు ఆయనకు ఉండే వీలే లేదు.

మార్కు తర్వాత ఆదికాండం, రూతు, అపొస్తలుల కార్యములు, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, యాకోబు పత్రిక. మధ్యమధ్యలో నోరు మార్చుకోవడానికి ఒక కీర్తన. సామెతలు 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి తెరిచేవాళ్లున్నారు, అదీ మంచిదే. 119వ కీర్తనకు భయపడకు. 176 వచనాలే గాని ఎనిమిదేసి చొప్పున 22 ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క మీద ఆలెఫ్, బేత్ అని హెబ్రీ అక్షరం పేరుంటుంది. రోజుకో ముక్క.

లేవీయకాండాన్ని శాశ్వతంగా దాటెయ్యమని అనను. తలుపు మార్చుకుని వెళ్లు. ముందు 19వ అధ్యాయం చదువు. పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టు అని ఉంటుంది. మా చిన్నప్పుడు కోతలయ్యాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని పరిగె ఏరడానికి వెళ్లేది. కొందరు రైతులు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు, ఒకరిద్దరు గొడ్డును అదిలించినట్టు అదిలించేవాళ్లు. ఒడిలో పడ్డ వెన్నులు ఇంటికి వచ్చి చేటలో నలిపితే రెండు మూడు పూటల గంజికి వచ్చేవి. నాకు పదేళ్లు దాటాక సండే స్కూల్లో ఈ అధ్యాయం చదివించినప్పుడు, మా అమ్మ చేసిన పని గురించి దేవుడు ముందే రైతుకు చెప్పి ఉంచాడని తెలిసి చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. ఆ 19వ అధ్యాయం చదివి నేరుగా రూతు రెండో అధ్యాయానికి వెళ్లు. ఆ చట్టం పొలంలో నడుస్తూ కనబడుతుంది. తర్వాత లేవీయకాండంలోనే 16, 25 అధ్యాయాలు. ఈ మూడూ పరిచయమయ్యాక మిగతాది చీకటి గదిలా అనిపించదు.

భాష కష్టంగా ఉందని నువ్వు రాయలేదు కానీ నీ వయసువాళ్లకు ఉంటుంది. మన పాత అనువాదం గ్రాంథికం. "ఏలయనగా" దగ్గర పిల్లలు ఆగిపోతారు, ఎందుకంటే అని చెబితే సాగిపోతారు. మా మనవడు 23వ కీర్తనలోని "నాకు లేమి కలుగదు" అన్న మాటను ఏడేళ్లు కంఠత చెప్పాక ఒక రోజు "లేమి అంటే ఏదైనా రోగమా?" అని అడిగాడు. లేకపోవడం రా, లేదు అన్న మాటలోంచే వచ్చింది అంటే, "మరి అమ్మ ఎప్పుడూ లేదు లేదు అంటుంది కదా" అన్నాడు. నేను తెలుగు టీచరునే గాని దానికి జవాబు దొరకలేదు. వాడుక భాషలో వచ్చిన అనువాదాలు ఇప్పుడు ఉన్నాయి, సిగ్గుపడకుండా వాడుకో. పాతది పక్కన ఉంచుకో, కంఠతకు దాని లయను కొట్టేది లేదు.

ఇంకొకటి, పొద్దున చదవకుండా బయలుదేరిన రోజు ఏదైనా చెడు జరిగితే చదవనందుకేనని అనుకోకు. అలా అనుకునేవాళ్లు బైబిలును తాయెత్తు చేసుకున్నట్టే. చదివిన రోజుల్లో కూడా నా బస్సు తప్పింది.

నోటుపుస్తకం పెడితే పెట్టు, ఒక్క వాక్యం మించి రాయకు. నేను చిల్లర లెక్కల పుస్తకంలోనే, పాలు రెండు లీటర్లు అన్న దాని కింద, ఆ రోజు కనబడింది ఒక ముక్క రాస్తాను.

ఇక అమ్మ సంగతి. నీ ప్రశ్నలో ఇది చివర వచ్చింది కానీ నేనైతే దీన్నే ముందు పెడతాను. రైల్లో చదివిన ఆ చిన్న భాగాన్నే సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మకు పైకి చదువు. కొత్తది తీయకు. ఐదు నిమిషాల పని. నీకు రెండోసారి చదివినట్టవుతుంది, రాత్రి ఒక మనిషి ఎదురుచూస్తుందంటే పొద్దున్న ఫోనులో ఇంకేదో చూడబోయిన చెయ్యి ఆగుతుంది. ఆమె మధ్యలో ఆపి ఏదైనా అడిగితే భాగం ముగించాలని తొందరపడకు.

కళింగపట్నం వైపు ఒక పల్లెలో స్త్రీల కూటంలో ఒకసారి మార్కు మొదటి అధ్యాయం చదువుతున్నాను. అందరూ చేపల వేటకు వెళ్లే కుటుంబాలవాళ్లు. యాకోబు, యోహాను దోనెలో వలలు బాగుచేసుకుంటుంటే ప్రభువు పిలిచాడు, వాళ్లు తండ్రిని దోనెలో విడిచి వెళ్లారు అని వివరిస్తున్నాను. శిష్యత్వం, త్యాగం అని నా ధోరణిలో నేను పోతుంటే ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ చెయ్యెత్తింది. "అమ్మా, ఇద్దరు కొడుకులూ పోతే ముసలోడు వల ఎలా లాగుతాడు?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేను ఏదో సర్దిచెప్పబోతూ మళ్లీ ఆ వచనం వైపు చూశాను. "జీతగాండ్రయొద్ద" అని ఉంది. తండ్రి ఒంటరిగా లేడు, కూలికి వచ్చినవాళ్లు పడవలో ఉన్నారు. మత్తయి అదే సంఘటన చెబుతూ ఈ మాట రాయలేదు, మార్కు రాశాడు. "కలాసీలు ఉన్నారమ్మా పడవలో" అన్నాను. "అయితే సరే, ఇప్పుడు చదువు" అంది.

ముప్పై ఏళ్లుగా ఆ అధ్యాయం చదువుతూ, చెబుతూ ఉన్నాను. ఆ మాట అక్కడ ఉన్నట్టు ఆ రోజే చూశాను.

రేపు కోరుకొండ దాటాక మార్కు 1, మొదటి 20 వచనాలు. ఆ మాట చివరి వచనంలోనే ఉంటుంది.